ఇంటి పన్ను బాకీ పడిందా? నోటీసు వచ్చిందా? కంగారు పడకండి, ఇలా చేయండి
(పట్టణాల్లో ఉండే పెన్షనర్లు, పొదుపు సంఘాల అక్కాచెల్లెళ్లు, ఇతర పథకాల లబ్ధిదారుల కోసం)

మార్చి నెల వచ్చిందంటే వార్డుల్లో ఒకటే హడావిడి. సచివాలయం సిబ్బంది కాగితాలు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "మూడేళ్ల పన్ను బాకీ ఉందమ్మా, ఈ నెలాఖరులోగా కట్టకపోతే జప్తే" అనే మాట వినబడుతుంది. ఆ మాట విన్న అవ్వకి రాత్రి నిద్ర పట్టదు. పెన్షన్ ఆగిపోతుందేమో, ఇల్లు తీసేసుకుంటారేమో, పోలీసులు వస్తారేమో అని భయం. ఆ భయంతో కొందరు అయిదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కడతారు. ఇంకొందరు ఆ కాగితం మడిచి బియ్యం డబ్బా కింద పెట్టేసి మర్చిపోదామని చూస్తారు. రెండూ నష్టమే.

బాకీ నిజమైతే కట్టక తప్పదు. అది దాస్తే పోదు, పెరుగుతుంది. కానీ ఎంత కట్టాలి, అందులో ఎంత అసలు, ఎంత వడ్డీ, లెక్కలో తప్పులున్నాయా, కట్టలేకపోతే ఏం జరుగుతుంది, ఏం జరగదు అన్నవి తెలుసుకుని కట్టాలి. ఈ పాఠంలో అవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. కళ్లజోడు పెట్టుకోండి, మీ నోటీసు పక్కన పెట్టుకుని చదవండి. చదువు రానివాళ్లుంటే ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి.

1. ముందు రెండు భయాలు తీసేద్దాం

మొదటి భయం: "పన్ను కట్టకపోతే పెన్షన్ ఆపేస్తారు."

పెన్షన్, తల్లికి వందనం లాంటి పథకాలకు అర్హత చూసేటప్పుడు ఆరంచెల పరిశీలన అని ఒకటి చేస్తారు. అందులో చూసేవి ఇవి:
• కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి లేదా ప్రభుత్వ ఉద్యోగ పెన్షనరు ఉన్నారా
• భూమి ఎంత ఉంది (మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాల పరిమితి)
• నెలకు సగటున 300 యూనిట్లకు మించి కరెంటు వాడుతున్నారా
• సొంత కారు ఉందా (ఆటో, టాక్సీ, ట్రాక్టర్లకు మినహాయింపు)
• ఆదాయపు పన్ను కడుతున్నారా
• పట్టణంలో 1,000 చదరపు అడుగులకు మించిన కట్టడం ఉందా

ఈ జాబితా మళ్లీ ఒకసారి చూడండి. ఇంటి పన్ను బాకీ అన్న మాట ఎక్కడా లేదు. కాబట్టి పన్ను బాకీ ఉన్నంత మాత్రాన పెన్షన్ అర్హత పోదు. ఒకటో తారీఖున పెన్షన్ ఇచ్చేటప్పుడు "ఇంటి పన్ను కింద పట్టుకుంటున్నాం" అని ఎవరన్నా అంటే, "నా పెన్షన్ మొత్తం ముందు నా చేతికి ఇవ్వండి, పన్ను సంగతి తర్వాత సచివాలయంలో మాట్లాడతాను" అని మర్యాదగానే చెప్పండి. వృద్ధాప్య పెన్షన్ 4,000 రూపాయలైతే 4,000 చేతికి రావాలి. పెన్షన్ లెక్క వేరు, పన్ను లెక్క వేరు.

రెండో భయం దీనికి తలకిందులు: "పన్ను కడితే మేం టాక్స్ కట్టేవాళ్ల కింద లెక్కయిపోయి పథకాలు పోతాయి."

ఇది కూడా అపోహే. పథకాల్లో చూసేది ఆదాయపు పన్ను, అంటే ఇన్‌కమ్ టాక్స్. అది సంపాదన మీద కేంద్ర ప్రభుత్వానికి కట్టేది. ఇంటి పన్ను మన ఊరి మున్సిపాలిటీకి కట్టేది. పేరులో 'పన్ను' ఉందని రెండూ ఒకటి కావు. ఇంటి పన్ను రసీదు వల్ల ఏ పథకమూ పోదు. ఈ భయంతో ఏళ్ల తరబడి పన్ను కట్టకుండా ఊరుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లకు మిగిలింది వడ్డీ మాత్రమే.

2. నోటీసులో ఏమేం చూడాలి

నోటీసు చేతికి రాగానే కింద ఉన్న మొత్తం అంకె చూసి గుండె బాదుకోకండి. పైనుంచి వరసగా చూడండి.

అసెస్‌మెంట్ నంబరు: మీ ఇంటికి మున్సిపాలిటీ ఇచ్చిన నంబరు ఇది. డోర్ నంబరు వేరు, ఇది వేరు. ఏ పనికి వెళ్లినా ఇదే అడుగుతారు. ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి, గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి.

పేరు: ఎవరి పేరు మీద ఉంది? చనిపోయిన మీ ఆయన పేరు మీదో, మామగారి పేరు మీదో ఉండొచ్చు. దాని సంగతి కింద 7వ భాగంలో చెప్పాం.

ఏయే అర్ధసంవత్సరాలు: ఇంటి పన్ను ఆరు నెలలకోసారి లెక్క. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒకటి, అక్టోబరు నుంచి మార్చి ఇంకొకటి. నోటీసులో ఏ అర్ధసంవత్సరం నుంచి బాకీ చూపిస్తున్నారో చూడండి. మీ దగ్గరున్న పాత రసీదులతో పోల్చుకోండి.

అసలు ఎంత, వడ్డీ ఎంత: ఇవి రెండూ విడివిడిగా ఉండాలి. ఒకే అంకె వేసి ఇస్తే "విడగొట్టి ఇవ్వండి" అని అడగండి. అడిగే హక్కు మీకుంది.

గ్రంథాలయ సెస్సు: ఇంటి పన్నుతో పాటు ప్రతి రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు ఉంటుంది. ఇది కొత్తగా వేసింది కాదు, 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచీ వస్తున్నదే.

నీటి చార్జీలు: కుళాయి బాకీ చాలాచోట్ల విడిగా ఉంటుంది. అదీ ఇదీ కలిపేసి చెప్తే విడిగా రాయించుకోండి.

చెత్త పన్ను: 2021 తర్వాత ఇంటింటి చెత్త సేకరణకు వసూలు చేసిన ఆ చార్జీని 2024 చివర్లో రాష్ట్ర ప్రభుత్వం రద్దు చేసింది. ఇప్పటి నెలలకు ఆ పేరుతో ఎవరన్నా డబ్బు అడిగితే ఇవ్వకండి. రాతలో చూపించమనండి.

3. వడ్డీ ఎలా పడుతుంది

మొదటి అర్ధసంవత్సరం పన్ను జూన్ 30 లోపు, రెండోది డిసెంబరు 31 లోపు కడితే వడ్డీ ఉండదు. ఆ తేదీ దాటితే నెలకు 2 శాతం. మన వాడుకలో చెప్పాలంటే నూటికి రెండు రూపాయల వడ్డీ. అయితే ఇది బారువడ్డీ, చక్రవడ్డీ కాదు. అసలు మీదే పడుతుంది, వడ్డీ మీద మళ్లీ వడ్డీ పడదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక అవ్వ ఇంటికి ఏడాదికి 1,200 రూపాయల పన్ను అనుకోండి. అంటే ఆరు నెలలకు 600. లెక్క తేలిగ్గా ఉండడానికి మధ్యలో పెంపు, సెస్సు లేవనుకుందాం. 2022-23 నుంచి ఆమె కట్టలేదు. 2026 మార్చిలో కట్టడానికి వెళ్లింది. 600 మీద నెలకు వడ్డీ 12 రూపాయలు.

2022-23 మొదటి సగం: 45 నెలలు, వడ్డీ 540
2022-23 రెండో సగం: 39 నెలలు, వడ్డీ 468
2023-24 మొదటి సగం: 33 నెలలు, వడ్డీ 396
2023-24 రెండో సగం: 27 నెలలు, వడ్డీ 324
2024-25 మొదటి సగం: 21 నెలలు, వడ్డీ 252
2024-25 రెండో సగం: 15 నెలలు, వడ్డీ 180
2025-26 మొదటి సగం: 9 నెలలు, వడ్డీ 108
2025-26 రెండో సగం: 3 నెలలు, వడ్డీ 36

అసలు 4,800. వడ్డీ 2,304. మొత్తం 7,104 రూపాయలు.

చూశారా, దాదాపు రెండేళ్ల పన్నంత డబ్బు ఉత్త వడ్డీకే పోయింది. మీ నోటీసుకు కూడా ఇలాగే ఒక కాగితం మీద లెక్క వేసుకోండి. మీ లెక్కకీ వాళ్ల లెక్కకీ పది ఇరవై తేడా ఉంటే పరవాలేదు. వందల్లో తేడా వస్తే అడగాల్సిందే.

4. లెక్కలో ఉండే తప్పులు

కట్టేముందు ఈ అయిదూ సరిచూసుకోండి.

(అ) కట్టినా బాకీ చూపడం. చేతి రసీదు ఇచ్చిన రోజుల్లో కట్టింది కొన్నిసార్లు కంప్యూటర్‌లో ఎక్కి ఉండదు. పాత రసీదు జిరాక్స్ పెట్టి అర్జీ ఇవ్వండి. అసలు రసీదు ఎవరి చేతిలోనూ వదిలిపెట్టకండి.

(ఆ) ఒకే ఇంటికి రెండు అసెస్‌మెంట్లు. డోర్ నంబర్లు మార్చినప్పుడు పాత నంబరు మీద ఒకటి, కొత్త నంబరు మీద ఒకటి మిగిలిపోతాయి. ఒకటి రద్దు చేయమని అడగండి.

(ఇ) ఖాళీ స్థలం పన్ను ఆగకపోవడం. ఇల్లు కట్టి ఇంటి పన్ను పడ్డాక కూడా అదే జాగాకి ఖాళీ స్థలం పన్ను నడుస్తూ ఉంటుంది. ఇది పెద్ద మొత్తమే అవుతుంది. తప్పక చూసుకోండి.

(ఈ) చిన్న ఇంటికి పెద్ద పన్ను. పట్టణాల్లో 375 చదరపు అడుగుల లోపు ఇల్లు, అందులో యజమానే ఉంటుంటే ఏడాదికి 50 రూపాయల పన్ను చాలని 2020లో తెచ్చిన నిబంధనల్లో ఉంది. ఒక గది, వంటగది ఉన్న ఇళ్లు చాలావరకు ఇందులోకి వస్తాయి. మీ ఇల్లు అలాంటిదే అయి, పన్ను వందల్లో వస్తుంటే కొలతలు మళ్లీ వేయమని అర్జీ పెట్టండి.

(ఉ) ఒక్కసారిగా పెరగడం. 2021 నుంచి పట్టణాల్లో ఇంటి పన్నును ఆస్తి విలువ మీద లెక్కిస్తున్నారు. పాత ఇంటికి ఏటా పెంపు 15 శాతం దాటకూడదు. కొత్తగా గది వేయలేదు, మేడ కట్టలేదు, అయినా అంతకు మించి పెరిగితే ఎందుకని అడగండి.

పన్ను కొత్తగా వేసినప్పుడు, మార్చినప్పుడు స్పెషల్ నోటీసు ఇస్తారు. అది అందిన 30 రోజుల్లోపు రివిజన్ పిటిషన్ పెట్టుకోవచ్చు. ఆ గడువు దాటనివ్వకండి. నోటీసు అందిన తేదీని దాని మీదే పెన్నుతో రాసిపెట్టుకోండి.

ఇంకో మాట. తప్పు సరిచేసేదాకా ఏమీ కట్టనని కూర్చోకండి. తప్పులేని భాగం కట్టేయండి, తప్పున్న భాగం మీద అర్జీ ఇవ్వండి. అప్పుడు వడ్డీ కొంతయినా ఆగుతుంది, మీ మాటకు విలువా ఉంటుంది.

5. జప్తు అంటే ఏమిటి, దానికీ ఒక వరస ఉంది

2022 మార్చిలో కొన్ని పట్టణాల్లో 'జప్తు వాహనం' అని బ్యానర్ కట్టిన బండ్లు వీధుల్లో తిరిగాయి. అవి చూసి జనం హడలిపోయారు. జప్తు అధికారం మున్సిపాలిటీకి ఉన్నమాట నిజమే. కానీ బండి తెచ్చి సామాను ఎక్కించుకుపోవడం కాదది. 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో దానికి వరస ఉంది. కార్పొరేషన్లలోనూ ఇంచుమించు ఇదే వరస.

మొదటి మెట్టు: బిల్లు. ఎంత కట్టాలో, ఎప్పటిలోగానో రాసి ఇవ్వాలి.
రెండో మెట్టు: గడువు దాటితే డిమాండ్ నోటీసు.
మూడో మెట్టు: అప్పటికీ కట్టకపోతే కమిషనర్ సంతకంతో వారంటు. నోటిమాటతో జప్తు లేదు. వారంటు చూపించమని అడగండి.
నాలుగో మెట్టు: ఇంట్లోని చరాస్తుల జప్తు. ఏమేం తీసుకున్నారో జాబితా రాసి మీకు ఇవ్వాలి. బాకీకి తగినంత మేరకే తీసుకోవాలి. 7,000 బాకీకి 70,000 విలువైనవి ఎత్తుకెళ్లకూడదు.
అయిదో మెట్టు: వేలం. వేలంలోపు బాకీ, ఖర్చులు కట్టేస్తే మీ వస్తువులు మీకు ఇచ్చేయాలి. వేలంలో ఎక్కువ వస్తే మిగిలింది మీదే.

జప్తు చేయకూడనివి కూడా ఆ చట్టంలోనే రాసి ఉన్నాయి:
• ఇంట్లోవాళ్లు కట్టుకునే బట్టలు, పడుకునే పరుపులు, దుప్పట్లు
• వంట గిన్నెలు, తినే కంచాలు
• చేతిపనివాళ్ల పనిముట్లు (వడ్రంగి సామాను, మగ్గం సామాను లాంటివి)
• రైతయితే వ్యవసాయ పనిముట్లు, విత్తనాలు, బతుకుతెరువుకు కావాల్సిన పశువులు

జప్తుతో వసూలు కాకపోతే కోర్టుకు వెళ్లే దారి కూడా చట్టంలో ఉంది. కాబట్టి "ఏం చేస్తారులే" అని మొండికేయడం మంచిది కాదు. ఇంటి పన్ను బాకీ ఆ ఇంటినే పట్టుకుని ఉంటుంది. రేపు ఇల్లు అమ్మినా, పిల్లల పేరు మీదకు మార్చినా ఆ బాకీ వెంట వస్తుంది.

నీటి చార్జీల బాకీకి కుళాయి కనెక్షన్ తీసేసే అధికారం ఉంటుంది. అందుకని చేతిలో కొంచెమే డబ్బుంటే, కుళాయి బాకీ ముందు తీర్చుకోండి.

6. చేతిలో అంత డబ్బు లేకపోతే

ముందుగా, ఎంత ఉంటే అంత కట్టండి. ఒక్క అర్ధసంవత్సరం కట్టినా దాని మీద వడ్డీ అక్కడితో ఆగిపోతుంది. సాధారణంగా పాత బాకీ నుంచే జమ చేసుకుంటూ వస్తారు. రసీదులో ఏ అర్ధసంవత్సరానికి జమ అయిందో చూసుకోండి.

రెండోది, రాసి గడువు అడగండి. వాయిదాలు ఇవ్వాల్సిందే అని గట్టిగా అనలేం. కానీ కొంత కట్టి, మిగతాది ఫలానా నెలల్లో కడతానని రాసిచ్చినవాళ్ల సంగతి వేరు, తలుపు తీయనివాళ్ల సంగతి వేరు. అర్జీ ఇలా రాయొచ్చు:

"కమిషనర్ గారికి,
నా ఇంటి అసెస్‌మెంట్ నంబరు ______. డోర్ నంబరు ______. నేను పెన్షన్ మీద బతుకుతున్నాను. నా ఇంటి పన్ను బాకీ అసలు ______, వడ్డీ ______ అని తేదీ ______ నాటి నోటీసులో ఉంది. ఈ రోజు ______ రూపాయలు కట్టాను, రసీదు జతచేశాను. మిగిలినది నెలకు ______ చొప్పున ______ నెలాఖరులోగా కడతాను. అప్పటివరకు జప్తు చర్యలు ఆపవలసిందిగా కోరుతున్నాను.
సంతకం / వేలిముద్ర, ఫోన్ నంబరు, తేదీ"

రెండు కాపీలు రాయండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఇవ్వనట్టే.

మూడోది, అప్పు తెచ్చి కట్టడం. ఇక్కడ లెక్క వేసుకోవాలి. పైన చెప్పిన అవ్వకి అసలు 4,800 మీద నెలకు పడే వడ్డీ 96 రూపాయలు. 7,104 రూపాయలు బయట మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 213 అవుతుంది. అంటే చిన్న వడ్డీ తప్పించుకుని పెద్ద వడ్డీలో పడ్డట్టు. రెండు రూపాయలకు తెచ్చినా 142. అదే పొదుపు సంఘంలో రూపాయి వడ్డీకి దొరికితే 71. అప్పుడు తెచ్చి కట్టేయడం మేలు. కాబట్టి సంఘం అప్పు దొరుకుతుందేమో ముందు చూడండి. బంగారం, రేషన్ కార్డు, పెన్షన్ పుస్తకం తాకట్టు పెట్టి మాత్రం ఇంటి పన్ను కట్టకండి.

వడ్డీ మాఫీ సంగతి

అప్పుడప్పుడు ప్రభుత్వం వడ్డీలో కొంత తగ్గిస్తుంది. 2025 మార్చి చివర్లో మన రాష్ట్ర పట్టణాల్లో బాకీ మొత్తం ఒకేసారి కట్టినవాళ్లకు వడ్డీలో సగం తగ్గించారు. అలాంటి అవకాశం మన అవ్వకి వస్తే 1,152 రూపాయలు మిగులుతాయి, కట్టాల్సింది 5,952 అవుతుంది. అప్పుడు ఆ 5,952 కోసం మూడు రూపాయల వడ్డీకి తెచ్చినా, ఏడాదిలోపు తీర్చగలిగితే లాభమే.

కానీ మూడు సంగతులు గుర్తుంచుకోండి. మాఫీ వడ్డీకే, అసలుకి కాదు. కొద్ది రోజులే ఉంటుంది. ప్రతి ఏడాదీ వస్తుందని నమ్మకం లేదు. అందుకని మార్చి మొదటి వారంలో, చివరి వారంలో సచివాలయంలో ఒకసారి అడగండి. వాట్సాప్‌లో "90 శాతం వడ్డీ మాఫీ" అని వచ్చే మెసేజ్‌లు చాలాసార్లు హైదరాబాద్ జీహెచ్‌ఎంసీవి. అక్కడి మాఫీ ఇక్కడ చెల్లదు.

7. రికార్డు సరిచేసుకోవడం: పథకానికి అసలు ముడి ఇక్కడుంది

బాకీ వల్ల పెన్షన్ పోదని ముందే చెప్పాం. కానీ అదే ఇంటి పన్ను రికార్డులో ఉన్న తప్పు వల్ల పథకం పోవచ్చు. పట్టణంలో 1,000 చదరపు అడుగుల లెక్క తీసేది ఈ రికార్డు నుంచే. అందుకని బాకీ పని మీద సచివాలయానికి వెళ్లిన రోజే ఇవి కూడా అడిగి రండి.

అన్నదమ్ములు పంచుకున్న ఇల్లు: 1,400 అడుగుల ఇంట్లో ఇద్దరు చెరిసగం ఉంటున్నారు. కానీ అసెస్‌మెంట్ ఒక్కటే, అది పెద్దాయన పేరు మీద ఉంది. రికార్డు ప్రకారం ఆయనకు 1,400 అడుగుల ఇల్లు. ఆయన భార్యకు రావలసిన పథకం అక్కడ ఆగిపోతుంది. పంపకం కాగితాలు పెట్టి అసెస్‌మెంట్ విడగొట్టించుకోవాలి.

చనిపోయినవారి పేరు: మీ ఆయన పోయాక ఇల్లు ఆయన పేరు మీదే ఉంటే, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఇంటి కాగితాలతో పేరు మార్పుకు దరఖాస్తు చేయండి. పేరు మార్పుకు ముందు బాకీ తీర్చమంటారు. పేరు మారేలోపు కట్టిన రసీదు ఆయన పేరు మీద వచ్చినా పరవాలేదు, జమ అయ్యేది అసెస్‌మెంట్ నంబరుకే.

అమ్మేసిన ఇల్లు: ఇల్లు అమ్మి అయిదేళ్లయినా పన్ను రికార్డులో మీ పేరే ఉంటే, ఆ బాకీ నోటీసు మీకే వస్తుంది, ఆ అడుగులు మీ లెక్కలోనే పడతాయి. రిజిస్ట్రేషన్ కాగితం నకలు ఇచ్చి మీ పేరు తీయించుకోండి.

ఆధార్ లింకు: అద్దెకున్నవాళ్ల ఆధార్ ఆ ఇంటి అసెస్‌మెంట్‌కు పొరపాటున ముడిపడి ఉంటే, ఇల్లు లేనివాళ్లకు ఇల్లున్నట్టు చూపిస్తుంది. మీ ఆధార్ మీద ఏ అసెస్‌మెంట్ ఉందో చూపించమని అడగండి.

8. కట్టేటప్పుడు జాగ్రత్తలు

వార్డు సచివాలయంలో, మున్సిపల్ ఆఫీసు కౌంటర్‌లో, లేదా ఫోన్‌లో కట్టొచ్చు. ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' నంబరు 95523 00009. ఇంకే నంబరు నుంచి లింకు వచ్చినా నొక్కకండి. "మీ ఇంటి పన్ను బాకీ, ఈ ఫైలు ఇన్‌స్టాల్ చేయండి" అని ఏపీకే ఫైలు పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసాలున్నాయి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. "పోలీసుల్ని పంపిస్తాం, ఇప్పుడే ఫోన్‌పే చేయి" అనేది మోసగాళ్ల మాట. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇంటికొచ్చిన మనిషి చేతికి డబ్బిస్తే రసీదు అక్కడికక్కడే తీసుకోండి. సొంత యూపీఐ నంబరుకు పంపమంటే పంపకండి.

పల్లెల్లో ఉండేవాళ్లకు

పంచాయతీలో ఇంటి పన్ను చూసేది పంచాయతీ కార్యదర్శి. లైబ్రరీ సెస్సు అక్కడా ఉంటుంది. దీపాలు, డ్రైనేజీ, నీటి పన్నులు కలిసి రావొచ్చు. విడివిడిగా రాసిన డిమాండ్ నోటీసు అడగండి, రసీదు తప్పక తీసుకోండి. 1,000 అడుగుల నిబంధన పట్టణాలకే, పల్లెల్లో ఇంటికి అది వర్తించదు.

ప్రశ్నలు – జవాబులు

ప్ర: పట్టా లేని జాగాలో ఇల్లు వేసుకున్నాం. పన్ను కడితే జాగా మాదవుతుందా?
జ: అవదు. పన్ను రసీదు హక్కు పత్రం కాదు. అక్కడ ఉంటున్నారనడానికి ఒక ఆధారంగా మాత్రం పనికొస్తుంది.

ప్ర: అద్దెకుంటున్నాం. ఓనరు బాకీకి మా సామాను జప్తు చేస్తారా?
జ: పన్ను కట్టాల్సింది యజమాని. ఎవరన్నా వస్తే అద్దె కాగితం చూపించి, వారంటు ఎవరి పేరు మీద ఉందో చూడండి. అద్దె కాగితం ఎప్పుడూ ఒకటి రాయించుకుని ఉంచుకోండి.

ప్ర: సచివాలయంలో మా అర్జీ పట్టించుకోవడం లేదు.
జ: సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి, లేదా 1100కు ఫోన్ చేయండి. ఇచ్చిన నంబరు రాసుకోండి. వారంటు దాకా వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. ఫోన్ 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

ప్ర: బాకీ అంతా తీర్చేశాను. ఇక ముందు పడకుండా ఏం చేయాలి?
జ: ఏప్రిల్‌లోనే ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంటుంది. 1,200కి 60 రూపాయలు మిగులుతాయి. ఒకేసారి కష్టమైతే పెన్షన్ వచ్చిన రోజే నెలకు వంద పక్కన పెట్టండి. ఏడాదికి 1,200 అయిపోతుంది.

ఈ వారంలోనే చేయాల్సినవి

1. నోటీసు బయటికి తీసి అసెస్‌మెంట్ నంబరు రాసుకోండి.
2. అసలు, వడ్డీ విడగొట్టిన కాగితం తెచ్చుకోండి.
3. పాత రసీదులన్నీ ఒక కవరులో పెట్టండి.
4. పేరు, అడుగులు, ఆధార్ సరిగ్గా ఉన్నాయో చూసుకోండి.
5. ఎంతో కొంత కట్టి, మిగతాదానికి అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకోండి.

మీ వీధిలో చదువురాని అవ్వాతాతలు, ఒంటరి మహిళలు ఉంటే వాళ్ల నోటీసు కూడా ఒకసారి చూసిపెట్టండి. ఈ పీడీఎఫ్‌ను మీ సంఘం గ్రూపులో పంపండి.